పురుషార్థవివాదము : శాంతిపర్వము మొదలు ఆముక్తమాల్యద వరకు

ధర్మార్థకామమోక్షములు పురుషార్థములని మన విద్యార్థులు కళాశాలలో కాలు పెట్టిన తొలి సంవత్సరముననే కంఠస్థము చేయుదురు. పరీక్షలో ఆ నాలుగు పేర్లును తప్పక వ్రాయుదురు. ఆ నాలుగింటికి పరస్పరసంబంధ మెట్టిదని అడిగినచో, అవి మెట్లవలె ఒకదానిపై నొకటి యున్నవనియు, కడపటి మెట్టు మోక్షమనియు చెప్పుదురు. మేమును చాలకాలము ఇట్లే బోధించితిమి. తెలుగు కవులందరు ఈ మెట్లక్రమమును నిర్వివాదముగా నంగీకరించిన వారేయనియు, వారిలో భేదమున్నచో అది శైవవైష్ణవభేదమే గాని మానవుడు దేనికొరకు బ్రదుకవలెనను విషయమున భేదము కాదనియు మా తలంపుగా నుండెను.

కొన్ని సంవత్సరముల క్రిందట మనుచరిత్రము పాఠము చెప్పుచు, ప్రవరుని వృత్తాంతము కామముపై ధర్మము సాధించిన విజయమని మేము నిర్ణయించి చెప్పితిమి. అప్పుడొక విద్యార్థిని లేచి, "అయ్యా, గెలిచిన ప్రవరుడు కథ సగము కాకమునుపే యింటికి వెళ్ళిపోయినాడు. ఓడిన వరూధిని వలననే గదా మనువు పుట్టిన వంశము నడచినది. కావ్యము పేరు ప్రవరచరిత్రము కాదు గదా!" అని యడిగినది. మూలమునందలి పురాణకథ యట్లున్నదని చెప్పి మేము దాటవేసితిమి. అది సమాధానము కాదని మాకును తెలియును, ఆమెకును తెలిసినట్లే తోచినది. ఈ వ్యాసము ఆనాడు చెప్పవలసియుండి చెప్పలేకపోయిన సమాధానమునకై చేసిన యత్నము.

పురుషార్థములు నాలుగను లెక్క మొదటినుండి యున్నది కాదు. ప్రాచీనగ్రంథములలో తరచుగా కనబడునది త్రివర్గము. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున శ్రేయస్సేదియను ప్రశ్నకు పలువురి మతములు పేర్కొనబడినవి. ధర్మార్థములే శ్రేయస్సని కొందరు, కామార్థములని కొందరు, ధర్మమొక్కటేయని కొందరు, ఈ లోకమున అర్థమొక్కటేయని మరికొందరు చెప్పుదురనియు, మూడును గూడిన త్రివర్గమే శ్రేయస్సనుట సిద్ధాంతమనియు అచ్చట నున్నది. ధర్మశాస్త్రకర్తయే అర్థైకవాదుల మతమును దూషింపక ఒక పక్షముగా నెత్తి చూపుట గమనింపదగినది. 1909లో శామశాస్త్రిగారు మైసూరునుండి ప్రకటించిన అర్థశాస్త్రమున కౌటిల్యుడు, ధర్మకామములకు అర్థమే మూలము గావున అర్థమే ప్రధానమని తన పేరు పెట్టి మరీ చెప్పినాడు. అయినను రాజు సుఖహీనుడుగా నుండరాదనియు, మూడింటిలో ఒకదానినే యతిగా సేవించినచో అది తక్కిన రెండింటిని, తన్ను గూడ పీడించుననియు ఆయనయే హెచ్చరించెను. వాత్స్యాయనుడు కామసూత్రములను ధర్మార్థకామములకు నమస్కరించి ప్రారంభించెను. మోక్షమును ఆయన విస్మరింపలేదు గాని వార్ధకమునకు విడిచిపెట్టెను.

ఇక అమరసింహుని కాలమునకు రెండు మాటలును వ్యవహారమున నుండెను. ధర్మకామార్థములు త్రివర్గమనియు, అవియే మోక్షముతో గూడినచో చతుర్వర్గమనియు ఆయన వేర్వేరుగా చెప్పినాడు. మన బాలురు అమరము వల్లించునపుడు ఆ శ్లోకమును పర్యాయపదముల కొరకు చదువుదురు గాని, రెండు లెక్కలెందుకు వచ్చినవని యడుగరు. గృహస్థుడు, రాజు, వర్తకుడు బ్రదుకు బ్రదుకునకు త్రివర్గము చాలును. ఆ బ్రదుకునే బంధమని తలచి విడిచిపోవువారు చెప్పిన మాట మోక్షము. కావున నాలుగవది తక్కిన మూడింటికి కొనసాగింపు కాదు, వానిపై వచ్చిన ఆక్షేపణము. మెట్లను కట్టినవారు పిమ్మట వచ్చిన సమన్వయకర్తలు. వారు చేసిన ఉపకారము గొప్పది, కాని తగవు నడచిన చోటును వారు నున్నగా పూసివేసిరి.

ఆ తగవు కన్నులకు కట్టినట్లు కనబడు చోటు మహాభారతమున శాంతిపర్వమునందే కలదు. ఆపద్ధర్మములు ముగియుచుండగా భీష్ముడు మౌనము వహించును. ధర్మరాజు మందిరమునకు వచ్చి తమ్ములు నలువురను, విదురుని కూర్చుండబెట్టుకొని, ధర్మార్థకామములలో ఏది శ్రేష్ఠము, ఏది మధ్యమము, ఏది లఘువు అని యడుగును. ఈ ఘట్టమునకు షడ్గీతయని పేరు. ప్రశ్నలో మోక్షము లేదు. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొనవలెను.

విదురుడు ధర్మము శ్రేష్ఠమని, అర్థము మధ్యమమని, కామము కనిష్ఠమని మనమెదురుచూచునట్లే చెప్పెను. పిమ్మట అర్జునుడు, ఇది కర్మభూమి, కృషి, వాణిజ్యము, పశుపాలనము, శిల్పములు ఇచ్చట కొనియాడబడునని ప్రారంభించి, వీనికన్నిటికిని గమ్యము అర్థమనియు, అది లేనిదే ధర్మకామములు రెండును సాగవనియు వాదించెను. జడలు పెంచినవారు, తలలు గొరిగించుకొన్నవారు గూడ అర్థమును కోరువారేయని ఆతడు ఎత్తిపొడిచెను. యుద్ధరంగమున సన్న్యాసము మేలని విల్లు జారవిడిచిన వాని నోట ఈ మాట వచ్చుట విచిత్రము. కవలలు ధర్మముతో గూడిన అర్థము అమృతము గలిపిన తేనెవంటిదని అన్నవాదమును కొంత సవరించిరి. ముందు ధర్మము, పిదప అర్థము, అటుపై కామము అని వారు వరుస చెప్పిరి.

భీముని వాదము ఈ ఘట్టమున మిక్కిలి బలమైనది. మన పాఠ్యగ్రంథములలో భీముడు తిండికిని గదకును మాత్రమే పరిమితుడు. ఇచ్చట ఆతడు, కోరిక లేనివాడు అర్థమును కోరడు, ధర్మమును కోరడు, కామమును సైతము కోరడు, కావున కామమే అన్నిటికి మూలమనెను. ఆకులలములు, కందమూలములు తినుచు, గాలి మేయుచు తపస్సుచేయు ఋషులను ఆ తపస్సునకు పురికొల్పినది కోరిక గాక మరేమి? బేహారి, కర్షకుడు, గోపాలకుడు, శిల్పి తమ పనులను చేయుట కామము వలననే. పెరుగునకు వెన్న ఎట్లో ధర్మార్థములకు కామమట్లని ఆతని యుపమానము. విదురుడు ఫలమును చూచి మాటాడెను, భీముడు ప్రవృత్తికి మూలమును చూచి మాటాడెను. అందుచేత ఒకరి మాట మరియొకరి మాటను ఖండింపజాలదు. సంభోగమును గూర్చి భీముడు పిమ్మట పలికిన మాటలను బట్టి ఆతని వాదమంతయు చులకన చేయుట న్యాయము కాదు.

కడపట ధర్మరాజు నోరు విప్పెను. మీరందరు శాస్త్రముల నెరిగియే చెప్పితిరని మెచ్చుకొని, పుణ్యపాపములయందును అర్థకామములయందును తగులువడనివాడు, మట్టిపెళ్ళను బంగారమును సమముగా చూచువాడు సుఖదుఃఖములనుండి విముక్తుడగునని చెప్పెను. అనగా అడిగిన ప్రశ్నకు ఇచ్చిన మూడు సమాధానములను కాదని, ప్రశ్నలో లేని నాలుగవదానిని ఆతడు ముందునకు తెచ్చినాడు. అంతతో నిలువక, ఆ మోక్షమును మనమెరుగమనియు, స్నేహపాశము గలవానికి అది లేదనియు, తాను నియుక్తుడైనట్లు నడచుకొనుచున్నాడనియు పలికెను. తమ్ములు సంతోషించి నమస్కరించిరి. వెంటనే ఆతడు మరల భీష్ముని కడకు పోయి ధర్మములడుగ మొదలిడెను.

తీర్పు చెప్పినవాడు దానిని ఆచరింపలేదు. యుద్ధానంతరము ధర్మరాజు 36 సంవత్సరములు రాజ్యమేలెను. వ్యాసుడు ఎవ్వరి పక్షమును వహించెనని అడిగిన, గ్రంథము ధర్మరాజును చివర నిలిపినది గావున ఆయన పక్షమేనని సాధారణముగా చెప్పుదురు. మాకట్లు తోచదు. అంత్యవాక్యము చెప్పినవాడు తన మాటనే తానందుకొనలేనని యొప్పుకొన్నపుడు, తక్కినవారి మాటలును నిలిచియే యున్నవి. షడ్గీతలో వాదము ముగిసినది గాని వివాదము ముగియలేదు.

ఈ శాంతిపర్వమును తెనిగించిన తిక్కన విరాటపర్వము మొదలుకొని 15 పర్వములను రచించి హరిహరనాథునకు అంకితమిచ్చెను. ఆయన నెల్లూరి మనుమసిద్ధికి మంత్రి, యజ్ఞము చేసిన సోమయాజి, భక్తుడు. మనుమసిద్ధి రాజ్యభ్రష్టుడు కాగా తిక్కన ఓరుగంటికి పోయి గణపతిదేవుని సాహాయ్యమును సంపాదించెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. అర్థము లేనిదే ధర్మము సాగదను అర్జునుని వాదము ఇట్టి కవికి పుస్తకమున చదివిన మాట మాత్రమే కాదు. తిక్కన వేదాంతభాగములను కుదించునను ప్రసిద్ధి కలదు. భగవద్గీతను ఆయన మిక్కిలి సంక్షేపించిన మాట యందరెరిగినదే. దీనిని బట్టి తత్త్వచింతయందు ఆయనకు ఆదరము తక్కువయని కొందరనుచుందురు. మేమొప్పుకొనము. తత్త్వమును ఉపన్యాసముగా గాక పాత్రల నడవడిలో చూపుట ఆయన మార్గము. వాదమును మనుష్యుల మధ్య పెట్టి చూపు ఈ మార్గమే తరువాతి ప్రబంధకవులకు దారి చూపినదని మా యభిప్రాయము.

ఇట మనుచరిత్రమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. కథకు మూలము మార్కండేయపురాణము. దానిని పెద్దనకు ముందే మారన తెలుగు చేసియుండెను. పెద్దన అందలి చిన్న కథను 6 ఆశ్వాసముల ప్రబంధముగా పెంచెను. పెంచినపుడు ఆయన వర్ణనలనే గాక వాదమును గూడ పెంచినాడనుట ఈ వ్యాసమునకు ముఖ్యము.

ఆ వాదమును వరూధినియే మొదలిడినది. యజ్ఞములు చేయుదువు, దానికి ఫలము స్వర్గము, ఆ స్వర్గమునకు సారము మావంటివారి కౌగిలి, అది ఈ దేహముతోనే లభించినపుడు ఇంద్రియములను బాధించుకొననేల యని ఆమె తాత్పర్యము. ఇది వట్టి వలపుమాట కాదు. కామసూత్రములందు వాత్స్యాయనుడు పూర్వపక్షముగా నెత్తిన లోకాయతికుల యుక్తి ఇట్టిదే. రేపటి నెమలికన్న నేటి పావురము మేలని వారు ఫలము సందేహాస్పదమైన ధర్మమును నిరాకరింతురు. అయితే వరూధిని లోకాయతికుల కంటె ఒక యడుగు ముందున్నది. వారు వేదమును తిరస్కరించిరి, ఈమె వేదమునే సాక్షిగా పిలిచినది. మనస్సు ఏకాగ్రమై ఎచ్చట సుఖించునో అదియే పరమమని చెప్పి, ఆనందము బ్రహ్మమను తైత్తిరీయోపనిషత్తు మాటను తన వాదమునకు ఆధారముగా చూపినది. కామమునకు నాలుగవ పురుషార్థపు భాషను తొడిగినది. ఇంతటి సాహసము ఆంధ్రసాహిత్యమున మరియొక నాయిక చేసినట్లు మాకు గుర్తులేదు.

ప్రవరుని ప్రత్యుత్తరమును శ్రద్ధగా చూడవలెను. ఆతడు ఆనందమును కాదనలేదు. కామమునకు లొంగినవాడు బ్రహ్మానందమను రాజ్యమునుండి జారిపడునని చెప్పినాడు. అరణి మథించువారికి ఇట్టి సుఖములెంతయని పలికినాడు. కావున ఇరువురును కోరునది ఆనందమే, దాని పేరును విలువను గూర్చియే తగవు. ఆపై ఆతడు చేసినది వాదము కాదు, ఆమెను త్రోసివేసి అగ్నిదేవుని ప్రార్థించి సూర్యాస్తమయము కాకమునుపే ఇల్లు చేరుట. అరుణాస్పదపురమున వృద్ధులైన తలిదండ్రులు, భార్య, అతిథులు, నిత్యాగ్నులు ఆతని కొరకు కాచియున్నవి. ఆతడు మోక్షార్థియై సంసారమును విడిచినవాడు కాడు, సంసారమున కొరకే హిమవంతమును విడిచినవాడు. నాలుగు మెట్ల లెక్కలో ప్రవరుని ఎచ్చట నిలుపవలెను? ధర్మమున ననుట తేలిక. కాని ఆతడు హిమవంతమునకు ఎట్లు పోయెను? దేశదేశముల తీర్థములు తిరిగి వచ్చిన సిద్ధుని నోట వింతలు విని, తానును చూడవలెనను తహతహతో పాదలేపమును గైకొని పోయెను. మంచుకొండ చూడవలెనను కోరికయే లేకున్న కథయే లేదు. ఇచ్చట భీముని మాట జ్ఞప్తికి వచ్చుచున్నది. ధర్మపరుడైన ప్రవరుని గడప దాటించినది గూడ కామమే.

ఇప్పుడు మా విద్యార్థిని ప్రశ్న కొంత తెరపి యిచ్చుచున్నది. పెద్దన ధర్మమునకు వాదమున విజయమిచ్చెను, సృష్టిని నడుపు పనిని కామమునకు అప్పగించెను. ప్రవరుని రూపము దాల్చిన గంధర్వుని వలన వరూధినికి స్వరోచి పుట్టెను. ఆ స్వరోచి బహుభార్యలతో భోగపరుడై యుండగా పక్షులును మృగములును ఆతని నడవడిని నిందించినట్లు మార్కండేయపురాణమున నున్నది. ఆ భోగపరునకే వనదేవత యందు స్వారోచిషమనువు జన్మించెను. మానవులకు ధర్మము విధింపవలసిన మనువు వంశమున మోసము, విరహము, భోగము, నింద యన్నియు నున్నవి. ఇది పురాణకర్త యుద్దేశమా, పెద్దన యుద్దేశమా యని తర్కించుటకంటె, పెద్దన మనువు కథలలో దీనినే ఏరుకొనుటను గమనించుట మేలు. స్వయముగా ప్రవరుని గౌరవించుచు, వరూధిని మాటలకు తన కవితలోని బిగువునంతయు వెచ్చించిన కవి, ఏదో యొక పక్షమున నిలిచెనని మేము ఇక చెప్పజాలము.

ఈ కాలముననే ధూర్జటి వేరొక త్రోవ పట్టెను. కాళహస్తీశ్వరశతకమున ఆయన రాజసేవను నిందించి అర్థమును, తన భోగములకు తానే రోసి కామమును త్రోసిపుచ్చెను. నూర్గురు కొడుకులున్న కౌరవపతికి ఏమి ఒరిగినదనియు, కొడుకులు లేని శుకునికి ఏమి కొరత కలిగినదనియు అడుగుటలో గృహస్థధర్మము మీదనే దెబ్బ పడినది. ఇది నాలుగవ పురుషార్థము తక్కిన మూడింటిపై చేసిన నిస్సంకోచమైన దాడి. దీనిని గూర్చి వివాదము లేదు గనుక ఇంతటితో విడుతుము.

ఆముక్తమాల్యద యట్లు కాదు. 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన కృష్ణదేవరాయలు దీనికి కర్త. రాజ్యమునకు మించినది కలదని సింహాసనముమీద కూర్చుండి చెప్పుటలో నొక చిక్కున్నది. ఆ చిక్కును రాయలు దాచలేదు. మత్స్యధ్వజుడను పాండ్యరాజు రాత్రివేళ భోగిని యింటికి పోవుచుండగా ఒక విప్రుడు చదివిన శ్లోకము చెవినబడును. వానకాలమునకు, రాత్రికి, ముసలితనమునకు మనుజుడు ముందే కూడబెట్టుకొనునట్లు పరలోకమునకు ఈ లోకముననే సమకూర్చుకొనవలెనని దాని భావము. ఆ మాటతో రాజు మనసు మరలినది. మోక్షచింతకు కారణమైన ఈ యుక్తి స్వభావమేమి? కూడబెట్టుట, ముందుచూపు, మదుపు. ఇది అర్థపరుని యుక్తి. రాజు కామమునకు పోవుచు అర్థపుభాషలో మోక్షమును గూర్చి వినినాడు.

యామునాచార్యుని కథలో ఈ చిక్కు మరింత బిగిసినది. వాదమున గెలిచి రాజ్యము పడసిన యామునుడు భోగములలో తన వంశధర్మమును మరచును. శ్రీరామమిశ్రుడు ఉపాయముతో శాకము పంపి దర్శనము సంపాదించి ఆతనిని మేలుకొలుపును. యామునుడు రాజ్యమును కుమారునకు అప్పగించి విరక్తుడగును. కాని పోవునపుడు ఏమి చెప్పి పోయెను? ప్రపంచము మిథ్యయని కాదు. కోటలు, మంత్రులు, సేనలు, పన్నులు, వేగులు మొదలగువానిని గూర్చి సుదీర్ఘమైన రాజనీతిని బోధించి పోయెను. నేల కొంచెమైనను చెరువులు, కాలువలు త్రవ్వించి, పేదలకు పన్ను సడలించినచో అర్థధర్మములు రెండును పెరుగునని అందొక సలహా. కవలలు షడ్గీతలో చెప్పిన తేనె, అమృతము ఇవియే. విడిచిపోవువాడు తాను విడుచుదానిని ఇంత శ్రద్ధతో వర్ణించుట కథాదృష్టితో అసందర్భమని ఆక్షేపించినవారు కలరు. మేము దానిని అసందర్భమనుకొనము. త్యజించువానికి తప్పుగాని రాజ్యము, ఏలువానికి తప్పుకాదు. తండ్రికి ఒక పరమార్థము, కొడుకునకు మరియొకటి. 1524 ప్రాంతమున రాయలు స్వయముగా పసివాడైన తన కుమారునకు పట్టముగట్టి తాను మంత్రివలె నుండెనని నూనిజు వ్రాసియున్నాడు. ఆ బాలుడు కొలది నెలలకే మరణించెను. కావ్యమునకును ఈ సంఘటనకును ముడిపెట్టుట మా యుద్దేశము కాదు. అయినను యామునుని కథ చదువునపుడు ఈ సంగతి మనసున మెదలక మానదు.

విష్ణుచిత్తుడు పాండ్యుని సభలో పరమతములను ఖండించి, పిమ్మట విష్ణుపురాణమునందలి ఖాండిక్యకేశిధ్వజుల వృత్తాంతమును చెప్పును. వీరు దాయాదులు. ఖాండిక్యుడు కర్మమార్గమునందు నిపుణుడు, కేశిధ్వజుడు అధ్యాత్మవిద్యయందు. కేశిధ్వజుడు రాజ్యము గెలిచి ఖాండిక్యుని అడవికి తరిమెను. పిమ్మట ఆతని యజ్ఞధేనువును పులి చంపెను. ప్రాయశ్చిత్తమును ఋత్విజులు ఎరుగరు. ఎరిగినవాడు అడవిలోని శత్రువొక్కడే. బ్రహ్మవిద్య నెరిగినవాడు ఒక యావునకు చేయదగిన ప్రాయశ్చిత్తము కొరకు తాను తరిమినవాని ముంగిటికి పోవలసివచ్చెను. చేతికి చిక్కిన శత్రువును చంపుమని మంత్రులు ఖాండిక్యునకు చెప్పిరి. చంపినచో నాకు భూమి, ఆతనికి పరలోకము లభించును, చంపకున్నచో పరలోకము నాకు దక్కునని ఆతడు లెక్కవేసి, విధి తెలిపి పంపెను. గురుదక్షిణ ఇచ్చుటకు కేశిధ్వజుడు తిరిగి రాగా, రాజ్యమంతయు అడుగుమని మంత్రులు మరల చెప్పిరి. మీరు అర్థమునందు మంత్రులు గాని పరమార్థ మెరుగరని ఖాండిక్యుడు నవ్వి, అధ్యాత్మవిద్యను అడిగెను. రాజ్యమేల అడుగలేదని కేశిధ్వజుడు ప్రశ్నింపగా, యాచించుట క్షత్రియధర్మము కాదని ఆతని సమాధానములో నొక భాగము. మోక్షమును కోరినవాడు గూడ ధర్మముతో కొలిచియే కోరినాడు.

ఈ కథకు ముగింపు విష్ణుపురాణమున నున్న విధమిది. విద్యను పొందిన ఖాండిక్యుడు కొడుకును రాజుగా చేసి యోగమునకై అడవికి పోయెను. విద్యను ఇచ్చిన కేశిధ్వజుడు తన పట్టణమునకు తిరిగిపోయి, ఫలాపేక్ష లేక కర్మములు చేయుచు, విషయములననుభవించుచు, రాజ్యమేలుచుండియే సిద్ధిని పొందెను. గురువు సింహాసనమునందే యుండెను, శిష్యుడు అడవికి పోయెను. ఇరువురిలో ఎవ్వరు చేసినది సరియైనదని అడిగినవారు అచ్చట ఎవ్వరును లేరు.